ముహూర్తం పెట్టించే ముందు అబ్బాయి వీసా ఏమిటో అడగండి

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మాది చిన్న ఆన్‌లైన్ సర్వీసుల షాపు. పాస్‌పోర్టులు, వీసా ఫారాలు, మ్యారేజ్ సర్టిఫికెట్ల పని చేస్తుంటాం. పెళ్లి సీజన్ అయిపోగానే మా కౌంటర్ ముందుకొచ్చే కొత్త పెళ్లికూతుళ్లను చూసి చూసి మనసు ఆగక ఇది రాస్తున్నాను. పొడుగ్గా ఉంటుంది. పెళ్లీడు పిల్లలున్నవాళ్లు కాస్త ఓపిక చేసుకుని చదవండి.

అబ్బాయి అమెరికాలో ఉంటాడు అని సంబంధం వస్తుంది. గోత్రం అడుగుతాం, జీతం అడుగుతాం, ఊళ్లో పొలం ఎంతుందో ఆరా తీస్తాం, చుట్టాల్లో ఎవరినో పట్టుకుని అలవాట్లు కూడా కనుక్కుంటాం. అక్కడ ఏ వీసా మీద ఉన్నాడో మాత్రం అడగం. అమ్మాయి ఏ వీసా మీద వెళ్తుంది, వెళ్లాక ఉద్యోగం చేయొచ్చా, ఆయన ఉద్యోగం పోతే ఈమె పరిస్థితి ఏంటి, అన్నీ ఆ ఒక్క జవాబు మీదే ఉంటాయి.

ఈమధ్యే ఒకమ్మాయి వచ్చింది. జేఎన్‌టీయూలో చదివి బెంగళూరులో మంచి ఉద్యోగం చేస్తూ, పెళ్లి కుదరగానే రిజైన్ చేసింది. డీఎస్-160 (అమెరికా వీసా అప్లికేషన్) ఫారం నింపుతుంటే ఉద్యోగం గడి దగ్గర ఆగి, "అక్కా, అక్కడికెళ్లాక ఎన్నాళ్లకు జాబ్ చేసుకోవచ్చు?" అని అడిగింది. అబ్బాయిది ఎఫ్-1, స్టూడెంట్ వీసా. అంటే ఈమెది ఎఫ్-2. ఆ వీసా మీద ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయకూడదు, డిగ్రీ కోసం ఫుల్‌టైమ్ చదవకూడదు. ఆ మాట చెప్పేసరికి వాళ్లమ్మ నా వంక చూసింది. పక్కనున్న అత్తగారు "వెళ్లినాక చూసుకుంటార్లేమ్మా" అంది. వెళ్లాక చూసుకోవడానికి ఏముంది? అబ్బాయి చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సు అయితే ఇంకో 24 నెలలు. ఈలోగా లాటరీలో హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా తగలాలి. తగలకపోతే ఇద్దరూ పెట్టె సర్దుకోవాలి. ఇది తప్పు సంబంధం అని నేననడం లేదు. తెలిసి చేసుకుంటే ఆ అమ్మాయి ఇంకో ఏడాది బెంగళూరులోనే ఉద్యోగం చేసుకునేది, లేదా తను కూడా సొంతంగా ఎఫ్-1కు ప్రయత్నించేది. చెప్పకపోవడం వల్ల ఆ రెండు దారులూ ఆమె చేతిలోంచి జారిపోయాయి. నా కోపమంతా దానిమీదే.

అబ్బాయిది హెచ్-1బీ అయితే అమ్మాయిది హెచ్-4. దానిమీద నేరుగా ఉద్యోగం చేయడానికి లేదు. 2015 నుంచి కొందరికి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. ఎవరికంటే, అబ్బాయి గ్రీన్ కార్డ్ దారిలో ఐ-140 (మామూలుగా కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉండాలి, లేదా గ్రీన్ కార్డ్ ఫైలింగ్ ఆధారంగా ఆరేళ్లు దాటి హెచ్-1బీ పొడిగింపు వచ్చి ఉండాలి. కాబట్టి "హెచ్-1బీ ఉంది" అంటే సరిపోదు, "ఐ-140 అప్రూవ్ అయిందా?" అనేది రెండో ప్రశ్న. పర్మిట్ రెన్యువల్ కూడా కాస్త ముందే చూసుకోవాలి. 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్ అప్లికేషన్లకు చాలావరకు ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. కొత్తది చేతికి రాకముందే పాతది అయిపోతే ఉద్యోగం ఆపాల్సిందే. ఎల్-1 (కంపెనీ తన అమెరికా ఆఫీసుకు బదిలీ చేసే వీసా) మీద ఉన్నవాళ్ల భార్యలకు ఈ బాధ లేదు, ఎల్-2ఎస్ అని ఐ-94 (అమెరికాలో దిగినప్పుడు ఇచ్చే ఎంట్రీ రికార్డు) మీద ఉంటే ఉద్యోగం చేసుకోవచ్చు. ఇంకో మాట. హెచ్-4 అనేది పూర్తిగా భర్త హెచ్-1బీకి వేలాడే వీసా. ఆయన ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు. విడాకులైతే ఆమె హెచ్-4 అక్కడితో ఆఖరు. పెళ్లిమాటల్లో విడాకుల ఊసు అపశకునం అంటారు. కాగితం శకునం చూడదు కదా.

ఇక అబ్బాయి అమెరికా సిటిజన్ అయితే మనవాళ్లు ఎక్కువ తికమకపడేది ఇక్కడే. రెండు దారులున్నాయి. ఒకటి కె-1, అంటే పెళ్లికి ముందు వెళ్లే ఫియాన్సే వీసా. ఇది సిటిజన్లకే, గ్రీన్ కార్డ్ వాళ్లకు లేదు. పిటిషన్ వేసేముందు రెండేళ్లలోపు ఇద్దరూ ఒకసారైనా ఎదురుగా కలిసి ఉండాలి, వీడియో కాల్ లెక్కలోకి రాదు. అక్కడ దిగిన 90 రోజుల్లో ఆ అబ్బాయినే పెళ్లి చేసుకోవాలి. తర్వాత గ్రీన్ కార్డుకు మళ్లీ వేసుకోవాలి, వర్క్ పర్మిట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి, అనుమతి లేకుండా దేశం దాటకూడదు. మనూర్లో నాన్నకు బాగలేకపోయినా సరే. రెండోది ఇక్కడే పెళ్లి చేసుకుని, రిజిస్టర్ చేయించి, ఐ-130 (భార్య కోసం అబ్బాయి వేసే పిటిషన్) వేయించి వెళ్లడం. పెళ్లై రెండేళ్లు కాకపోతే సీఆర్-1 వీసా, దాటితే ఐఆర్-1. ముంబైలో ఇంటర్వ్యూ. కాస్త ఆలస్యం కావచ్చు, కానీ అడుగుపెట్టిన రోజు నుంచే గ్రీన్ కార్డ్ హోదా, ఉద్యోగం చేసుకునే హక్కు. మొత్తం ఫీజులు కలిపినా కె-1 కన్నా తక్కువే. సీఆర్-1 మీద వచ్చే కార్డు రెండేళ్లదే, అది ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (ఆ రెండేళ్ల షరతు తీసేయమనే అప్లికేషన్) వేయాలి. మామూలుగా ఇద్దరూ కలిసి వేస్తారు. విడాకులైనా, హింస ఉన్నా ఆమె ఒక్కతే వేసుకునే వీలుంది. ఈ సంగతి ప్రతి ఆడపిల్లకూ తెలిసి ఉండాలి.

మనవాళ్లు ఏం చేస్తారంటే, కె-1 తొందరగా అవుతుందని ఎవరో చెప్తే అది వేయించి, ఈలోపు మంచి ముహూర్తం పోతుందని కళ్యాణమండపంలో తాళి కట్టించేస్తారు. రిజిస్టర్ చేయలేదు కదా, ఏం కాదులే అనుకుంటారు. మన దగ్గర సప్తపదితో జరిగిన పెళ్లి పెళ్లే. పెళ్లైనవాళ్లకు ఫియాన్సే వీసా ఇవ్వరు. ఆ ఫోటోలు, ఆ శుభలేఖ ఇంటర్వ్యూలో బయటపడితే నెలల శ్రమ నీళ్లపాలు. నన్నడిగితే మన పద్ధతిలో పెళ్లి చేసుకునే ఇళ్లకు పెళ్లి చేసి సీఆర్-1 మీద పంపడమే సరైన దారి. ఆ నెలలు అమ్మాయి తన ఉద్యోగంలో ఉండొచ్చు.

గ్రీన్ కార్డ్ అబ్బాయి అయితే ఎఫ్2ఏ (గ్రీన్ కార్డ్ వాళ్ల భార్యాపిల్లల) కోటా, ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ చూసుకుంటూ వంతు కోసం ఆగాలి. ఆయన సిటిజన్ అయిన రోజు ఆ వెయిటింగ్ పోతుంది.

ఇక టూరిస్ట్ వీసా సలహా. "బీ-2 మీద పంపించండి, అక్కడికిపోయి మార్చుకోవచ్చు" అని డబ్బులు తీసుకుని మరీ చెప్పే ఏజెంట్లున్నారు. చూసిపోతామని చెప్పి కాపురానికి వెళ్తే అది అబద్ధం కింద లెక్క. తేలితే జీవితాంతం నిషేధం పడే సెక్షన్ అది, మినహాయింపు దొరకడం కష్టం. ఆ ఏజెంట్ అప్పుడు ఫోన్ కూడా ఎత్తడు.

అమెరికా ఒక్కటే కాదు. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో రీసెర్చ్ చేసేవాళ్లు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ వాళ్లు తప్ప మామూలు ఎంఎస్సీ స్టూడెంట్లు భార్యను తీసుకెళ్లలేరు. 2024 మార్చి 11 నుంచి కొత్త కేర్ వర్కర్లకూ అంతే. అక్కడి సిటిజన్ భార్యగా వెళ్లాలంటే ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు చూపించాలి. కడప వైపు, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ సంబంధాలు ఎక్కువ. ఆర్టికల్ 20, అంటే ఇంటిపని వీసా మీదున్న అబ్బాయి భార్యను కుటుంబ వీసా మీద తీసుకెళ్లలేడు. పెళ్లైన నెలకే ఆయన అక్కడ, ఈమె ఇక్కడ. కువైట్ అపోస్టిల్ (ఒక్క ముద్రతో కాగితాలు వేరే దేశాల్లో చెల్లే) ఒప్పందంలో లేదు, మ్యారేజ్ సర్టిఫికెట్‌కు ఎంబసీ అటెస్టేషన్ దాకా పోవాలి.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసిన పిల్లలు మన దగ్గర బోలెడుమంది. అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు కింద పడి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అని వస్తుంది. తర్వాత బ్యాంకులో, లైసెన్సులో అదే పేరుతో తంటా. పెళ్లికి ముందే సరిచేయించండి. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, శుభలేఖలో ఉన్నట్టు కాదు.

"ఇవన్నీ అడిగితే సంబంధం చెడిపోదా మేడమ్?" అని ఒక తండ్రి అడిగాడు. కట్నం దగ్గర గంటలు గంటలు బేరాలాడినప్పుడు చెడని సంబంధం ఒక కాగితం చూపించమంటే చెడుతుందా? దాచాల్సింది లేనివాడు ఐదు నిమిషాల్లో ఫోటో తీసి పంపుతాడు. ఆ ప్రశ్న అడిగేది నాన్నో, మధ్యవర్తో కాకుండా అమ్మాయే అయితే ఇంకా మంచిది, వెళ్లేది తను కాబట్టి.

నిశ్చితార్థం దగ్గర పడినవాళ్లు అబ్బాయి ఐ-797 (పిటిషన్ అప్రూవ్ అయినట్టు వచ్చే కాగితం) నోటీసు, ఐ-94 అడిగి తెప్పించుకోండి. ఏ తేదీ దేనికో అర్థం కాకపోతే కింద కామెంట్‌లో పెట్టండి, తెలిసింది చెప్తాను. పేర్లు, నంబర్లు కనపడకుండా చెరిపేసి పెట్టండి.