40 గంటల హెలికాప్టరూ, పది గజాల కారూ

మా అక్క కొడుకు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా వీకెండ్లలో హెలికాప్టర్ నేర్చుకుని ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు బ్రాడీపేటలో చుట్టాలంతా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే, "దాంతో జీతమేమన్నా పెరుగుద్దా?" పెరగదు. పీపీఎల్, అంటే ఈ ప్రైవేట్ లైసెన్స్, ఉన్నోడు ఇంట్లోవాళ్లనీ స్నేహితుల్నీ ఎక్కించుకుని తిప్పొచ్చుగానీ కిరాయికి నడపకూడదు, అలా నడపాలంటే కమర్షియల్ లైసెన్స్ వేరే ఉంది. ఈ ముక్క వాడు చెప్పగానే గదిలో ఆసక్తి చచ్చిపోయింది, టాపిక్ స్థలాల రేట్ల మీదకి పోయింది.

మనకి ఆకాశం మీద మోజు లేదని కాదు. 2024 అక్టోబర్‌లో పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఎగిరితే బెజవాడంతా రోడ్డు మీదే ఉంది, నవంబర్‌లో సీప్లేన్ శ్రీశైలం వెళ్తే మళ్లీ అంతే, కేంద్రంలో విమానయాన మంత్రి కూడా మన శ్రీకాకుళం ఆయనే. మోజు అంతా చూడ్డానికే, నేర్చుకోడానికి మాత్రం జీతం లెక్క అడ్డం.

డబ్బున్నోళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లున్నారు, అందులో కొంత నిజముంది, గంటకి వందల డాలర్లవుద్ది. ప్రాణాలతో చెలగాటం అనేవాళ్లు 2002లో కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయిన స్పీకర్ బాలయోగి గారినీ, 2009లో నల్లమలలో అలాగే పోయిన ముఖ్యమంత్రి వైఎస్ గారినీ గుర్తుచేస్తారు. ఆ బాధ నాకూ ఉంది. కానీ ప్రమాదమే కారణమైతే మనం ముందు మానేయాల్సింది ఏలూరు రోడ్డు మీద బండి నడపడం, ఆ సంగతికి తర్వాతొస్తా.

వాడు నేర్చుకున్నది రాబిన్‌సన్ ఆర్22, రెండు సీట్ల బుల్లి హెలికాప్టర్, మనుషులతో పెట్రోలుతో కలిపి 622 కిలోలు దాటకూడదు, అంటే ఇంచుమించు మన పాత మారుతీ 800 బరువు. ఎడం చేతిలో ఎత్తు మార్చే లివర్ కలెక్టివ్, కుడి చేతిలో ముందుకీ వెనక్కీ పక్కలకీ పోనిచ్చే కర్ర సైక్లిక్, కాళ్ల కింద ముక్కు తిప్పే పెడల్స్. కలెక్టివ్ లేపితే పైకి లేస్తుందిగా అనుకుంటాం, లేస్తుంది, దాంతోపాటే ముక్కు కుడికి తిరిగిపోద్ది, దాన్ని ఎడమ పెడల్‌తో ఆపాలి, ఆపగానే మొత్తం మిషన్ పక్కకి జారుద్ది, దాన్ని సైక్లిక్‌తో పట్టుకోవాలి, సైక్లిక్ కదిపితే మళ్లీ ఎత్తు మారుద్ది. అందుకే ట్రైనర్ మొదట్లో పెడల్స్ మాత్రమే ఇచ్చి మిగతావి తన దగ్గరే ఉంచుకున్నాడట, తర్వాత కలెక్టివ్, చివర్లో సైక్లిక్. మూడూ ఒకేసారి ఇచ్చిన రోజు ఫుట్‌బాల్ గ్రౌండంత జాగా కూడా సరిపోలేదంట. "మావయ్యా, చెయ్యి కదపకూడదు, కదపాలనుకుంటే చాలు" అన్నాడు. ఆరేడు గంటలయ్యాక ఒక పొద్దున ఉన్నట్టుండి నేలకి నాలుగడుగుల ఎత్తులో కదలకుండా నిలబడిందట. ఎలా వచ్చిందంటే చెప్పలేడు, సైకిల్ ఎలా వచ్చిందో మనం చెప్పలేనట్టే.

ఇంజిన్ ఆగిపోతే? కలెక్టివ్ వెంటనే కిందకి నొక్కేయాలి, కింద నుంచి వచ్చే గాలికే రెక్కలు తిరుగుతా ఉంటాయి, నేల దగ్గరికొచ్చాక ముక్కెత్తి వేగం చంపి ఆఖర్న కలెక్టివ్ లాగి మెత్తగా దించాలి. ఆర్22 రెక్కలు తేలిక, తిరిగే వేగం ఇట్టే పడిపోద్ది, నొక్కడానికి రెండు సెకన్లు కూడా టైముండదు. ఇదే పని మళ్లీ మళ్లీ చేయిస్తారు, నిద్రలో లేపినా చెయ్యి కిందకే పోవాలి. ప్రమాదాలు ఎక్కువయ్యాయని అమెరికాలో 1995లో ఈ ఆర్22 కోసం ప్రత్యేకంగా రూల్ పెట్టారు, ట్రైనర్‌తో 20 గంటలు ఎగిరితే తప్ప ఒంటరిగా ఎగరనివ్వరు. లైసెన్సుకి మొత్తం కనీసం 40 గంటలు, అందులో పది ఒంటరిగా, చేసిన ప్రతి గంటా లాగ్‌బుక్కులో ఉండాలి, రాతపరీక్షలో నూటికి 70, ఆపైన ఒక ఎగ్జామినర్ పక్కన కూర్చుని నోటితో అడిగీ గాల్లో నడిపించీ చూస్తాడు. మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ కూడా పీపీఎల్‌కి 40 గంటలే అడుగుద్ది.

ఇప్పుడు నా లైసెన్స్ సంగతి. ఇరవై రెండేళ్ల కిందట, ఆఫీసు పేరెందుకులెండి, బ్రోకర్ ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాను. కారు స్టార్ట్ చేసి పది గజాలు ముందుకి పోనిచ్చాను, కిటికీ దగ్గర నిలబడ్డాయన టీ గ్లాసు కింద పెట్టకుండానే "సరే దిగండి" అన్నాడు. రివర్స్ చేయమంటే నాకు రాదు, అడగలేదు కాబట్టి బతికిపోయా. లైసెన్స్ ఇంటికొచ్చాకే బెంజ్ సర్కిల్లో జనం మధ్య నేర్చుకున్నా, అంటే నా ట్రైనింగ్ గంటలకి ఫీజు కట్టింది మీరే. మనకి లైసెన్సంటే చేతికొచ్చిన విద్య కాదు, పోలీసాపితే చూపించే కాగితం. ఇంజనీరింగ్ పట్టా మీదా మనకి ఇదే చూపు, అందుకే జీతం పెంచని లైసెన్స్ ఎందుకో మనకి అర్థం కాదు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద చచ్చిపోయినవాళ్లు 1,68,491 మంది. అన్నీ డ్రైవింగ్ రాకే అనను, గుంతలున్నాయి, తాగుడుంది. అయినా రాంగ్ రూట్లో ఎదురొచ్చి మనకే హారన్ కొట్టేవాడి జేబులో కూడా లైసెన్స్ ఉంటుంది చూడండి, నా ఏడుపు దానికి.

వాడు తిరిగి వెళ్లే రోజు గన్నవరం ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. లగేజీ పెట్టాక ఎక్కకుండా కారు చుట్టూ తిరగడం మొదలెట్టాడు, ఎగిరే ముందు మిషన్ చుట్టూ తిరిగి చూసుకోవడం అలవాటైపోయిందంట. టైమైపోతందిరా అని నేను అరుస్తుంటే వెనక ఎడమ టైరు దగ్గర కూర్చుని వేలు పెట్టి చూపించాడు. నున్నగా గుండులా ఉంది, ఒక చోట లోపలి తీగ కూడా కనపడతంది. దాని మీదే మేం డిసెంబర్లో పిల్లల్తో సహా శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగొచ్చాం.