పెట్టె ఖాళీ, కాలేజీ భేష్

మా అబ్బాయి చదివేది హైదరాబాద్ శివారులో ఓ ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ వివక్ష లేదు. ఉత్తమాట కాదు, రుజువుంది: ఫిర్యాదుల పెట్టె ఖాళీ.

ఆ పెట్టెను ప్రిన్సిపాల్ గది గుమ్మం పక్కనే, సీసీ కెమెరాకు సరిగ్గా ఎదురుగా బిగించారు. చీటీ వేసేవాడి మొహం స్పష్టంగా పడాలని కాబోలు. ప్రారంభోత్సవానికి తల్లిదండ్రుల్నీ పిలిస్తే వెళ్లాను. ఫ్లెక్సీ, శాలువాలు, రిబ్బను అన్నీ ఉన్నాయి, కత్తెర తప్ప. పావుగంట వెతికి ల్యాబ్ నుంచి వైరు కట్టర్ తెచ్చారు. రిబ్బను తెగలేదు, నలిగింది. చివరికి అతిథిగారు చేత్తో లాగేసి, పెట్టె మూత తెరిచి లోపలికి తొంగిచూశారు. ఖాళీ! చప్పట్లే చప్పట్లు. పెట్టెను గోడకు కొట్టి అప్పటికి గంట కూడా కాలేదు. తర్వాత ఉపన్యాసాలు మూడో అంతస్తులో. లిఫ్టు స్టాఫ్‌కు మాత్రమే. చక్రాల కుర్చీలో వచ్చే కుర్రాడు 'అందరూ సమానమే' అన్న మాటను కింద పార్కింగ్‌లో కూర్చుని మైకులో విన్నాడు.

ప్రతి కాలేజీలో వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే చెప్పింది. మావాళ్లకూ ఉన్నారు. పెట్టె తాళంచెవి ఆయన దగ్గరే. మొదటిరోజు క్లాసులో ఒక్కొక్కరినీ "ర్యాంకెంత?" అని అడిగిన సారే ఆయన. ర్యాంకుతో కులం తేలకపోతే ఇంటిపేరు, అదీ చాలకపోతే "ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?"

పోయిన నెల ఆయనే "రీయింబర్స్‌మెంట్ బ్యాచ్, లేచి నిలబడండి" అన్నారు. మావాడి పక్క బెంచీ అమ్మాయి పీరియడంతా నిలబడే ఉందట, పెన్ను మూత తీస్తూ, పెడుతూ. సర్కారు డబ్బులు ఇవ్వకపోతే ఆ పిల్ల ఎందుకు నిలబడాలి సార్? బాకీ ఆమెదా?

ఇదే హైదరాబాద్‌లో, సెంట్రల్ యూనివర్సిటీలో, హాస్టల్లోంచి వెళ్లగొడితే ఆరుబయట గుడారమేసి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు ఐదుగురు దళిత విద్యార్థులు. వాళ్లలో రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు, తనకు రావాలనీ ఇంట్లోవాళ్లకు ఇప్పించమనీ చివరి ఉత్తరంలో రాశాడు. చచ్చిపోతూ కూడా ఆ పిల్లాడు లెక్క చెప్పాల్సి వచ్చింది! అది చదివాక కూడా మీకింకా పెట్టెలో చీటీ పడాలా? కళ్లెదుట నిలబడ్డ పిల్ల కనబడదా?

మొన్న సోమవారం పెట్టెలో ఒక చీటీ పడిందట. కమిటీ వెంటనే సమావేశమైంది. చీటీ ఇంకా విప్పలేదు. ముందు ఫుటేజీ చూస్తున్నారు.