వికలాంగుల పాస్‌తో క్యూ ఎగ్గొడితే దెబ్బ ఎవరికి?

2013 మే నెలలో న్యూయార్క్ పోస్ట్ ఒక వార్త వేసింది. మన్‌హటన్‌లోని కొన్ని సంపన్న కుటుంబాలు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ వినోద పార్కుకు వెళ్లేటప్పుడు వైకల్యం ఉన్న గైడ్‌ను కుదుర్చుకుంటున్నాయని, గంటకు 130 డాలర్లు, ఎనిమిది గంటల రోజుకు 1,040 డాలర్లు ఇస్తున్నాయని దాని సారాంశం. గైడ్ ముందు నడిస్తే ఇంటిల్లిపాదీ ఆ వెనకే వెళ్లి, లైన్‌తో పని లేకుండా రైడ్ ఎక్కేస్తారన్నమాట. చదివినవాళ్లంతా దొంగ వికలాంగులంటూ మండిపడ్డారు. నిజానికి ఆ వార్తలో వైకల్యం దొంగది కాదు. అవసరమున్న మనిషికి ఇచ్చిన వెసులుబాటును అవసరం లేనివాళ్లకు గంటల లెక్కన అమ్మడమే అక్కడ జరిగిన తప్పు. నటించేవాళ్లను పట్టుకుంటే సమస్య తీరిపోతుందనేవారు ఈ ఉదంతాన్ని కాస్త ఆలోచించాలి. డాక్టర్ చీటీ అడిగినా ఆ గైడ్ తడుముకోకుండా చూపించగలరు.

అప్పట్లో డిస్నీ ఇచ్చేది గెస్ట్ అసిస్టెన్స్ కార్డ్. చాలా రైడ్‌ల దగ్గర అది చూపిస్తే దాదాపు వెంటనే లోపలికి పంపేవారు, ఎన్నిసార్లయినా. 2013 అక్టోబర్ 9న దాన్ని రద్దు చేసి డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్, అంటే డీఏఎస్ తెచ్చారు. ఇందులో రైడ్ బోర్డు మీద 70 నిమిషాల నిరీక్షణ కనిపిస్తే, ఓ పది తగ్గించి 60 నిమిషాల తర్వాత రమ్మంటారు. ఆ గంట నీడలోనో, రొద లేని మూలనో, టాయిలెట్‌కు దగ్గర్లోనో గడపొచ్చు. అది వాడుకున్నాకే ఇంకో రైడ్‌కు టైమ్ తీసుకోవాలి. నిరీక్షణ తప్పదు, నిరీక్షించే చోటు మాత్రమే మారుతుంది. ఆలోచన మంచిదే. మోసగాణ్ని పట్టుకునే పని పెట్టుకోకుండా మోసంలో లాభాన్ని తగ్గించింది.

తగ్గించిందే గానీ పోగొట్టలేదు. ఎందుకో తెలియాలంటే పాస్‌ల లైన్, మామూలు లైన్ కలిసే చోట ఏం జరుగుతుందో చూడాలి. గంటకు 1,500 మందిని ఎక్కించుకునే రైడ్ ఒకటి ఉందనుకుందాం. పాస్‌ల లైన్ నుంచి వెయ్యి మంది, మామూలు లైన్ నుంచి 500 మంది ఎక్కుతున్నారు. మామూలు లైన్‌లో 750 మంది నిలబడి ఉంటే చివరి మనిషి వంతు 90 నిమిషాలకు వస్తుంది. ఇప్పుడు పాస్‌ల లైన్‌లోకి గంటకు మరో 150 మంది అదనంగా చేరారు. రైడ్ సామర్థ్యంలో అది పదో వంతే. కానీ మామూలు లైన్‌కు మిగిలేవి 350 సీట్లు, అదే చివరి మనిషి నిరీక్షణ దాదాపు 129 నిమిషాలు. ఆ 150 మంది రావడానికి 150 అబద్ధాలు అక్కర్లేదు. ఒక్కో పాస్ మీద అయిదుగురు వెళ్లగలిగితే 30 చాలు. ‘మా ఒక్కరి వల్ల ఏమవుతుందిలే’ అనేవారికి ఈ లెక్క చూపించాలి.

డీఏఎస్‌లోనూ చాటుగా దక్కే లాభాలున్నాయి. రిటర్న్ టైమ్, అంటే తిరిగి రమ్మన్న సమయం, వచ్చేలోగా వేరే రైడ్ మామూలు లైన్‌లో నిలబడితే ఒకే గంటలో రెండు రైడ్‌ల నిరీక్షణ అయిపోతుంది. నిలబడలేని మనిషికి ఈ ఉపాయం పనికిరాదు, చక్కగా నిలబడగలిగినవారికే పనికొస్తుంది. అంటే ఈ పాస్ నుంచి ఎక్కువ పిండుకోగలిగేది దాని అవసరం తక్కువున్నవారే. పైగా బోర్డు మీద చూపే సమయం తరచూ అసలు కన్నా ఎక్కువే ఉంటుంది. (వీల్‌చైర్ అద్దెకు తీసుకుంటే లైన్ తప్పుతుందనుకునేవారు ఇంకా ఉన్నారు. కొత్త రైడ్‌ల క్యూలను వీల్‌చైర్ పట్టేలానే కడుతున్నారు కాబట్టి అందరితోపాటు అదే లైన్. ఆ కుర్చీ వల్ల ఒరిగేది చేతుల నొప్పే.)

ఆ తర్వాత అసలు మలుపు వచ్చింది. 1999లో మొదలైన ఫాస్ట్‌పాస్, అంటే పక్క లైన్‌లో త్వరగా రైడ్ ఎక్కించే పాస్, ఉచితం. 2021 అక్టోబర్ నుంచి డిస్నీ వరల్డ్‌లో, డీఏఎస్ ఉన్నవారూ వెళ్లే అదే పక్క లైన్‌కు లైట్నింగ్ లేన్ అని పేరు పెట్టి డబ్బు తీసుకుంటున్నారు. ఆ లేన్ కోసమే 2024 చివర్లో వచ్చిన ప్రీమియర్ పాస్ రద్దీ రోజుల్లో మనిషికి 449 డాలర్ల దాకా పలికింది, అదీ పార్క్ టికెట్ కాకుండా. నలుగురున్న కుటుంబం కొనాల్సిన వస్తువు ఒక్క అబద్ధానికి ఉచితంగా వస్తుందంటే ఆశపడేవారు పెరగరా? అయిదేళ్లలో డీఏఎస్ వాడకం మూడింతలు దాటిందని 2024లో డిస్నీయే చెప్పింది. ఆ పెరుగుదలంతా మోసమే అనడమూ తొందరపాటే. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో 2000లో ప్రతి 150 మంది పిల్లల్లో ఒకరికి ఆటిజం ఉన్నట్టు గుర్తిస్తే, 2022కు అది 31 మందిలో ఒకరికి చేరింది. గుర్తింపు పెరిగింది, అడగడానికి మొహమాటం తగ్గింది, ఉచిత ఫాస్ట్‌పాస్‌తో నెట్టుకొచ్చినవారికి ఆ దారీ మూసుకుపోయింది. వీటిలో మోసం వాటా ఎంతో ఆ మూడింతల అంకె చెప్పదు.

అయినా కొరడా అందరి మీదా పడింది. 2024 మే 20న ఫ్లోరిడాలో, జూన్ 18న కాలిఫోర్నియాలో డిస్నీ నిబంధనలు బిగించింది. ఆటిజంలాంటి ఎదుగుదల సంబంధ వైకల్యాల వల్ల మామూలు క్యూలో ఎక్కువసేపు ఉండలేనివారికే డీఏఎస్ అంది. వీడియో కాల్‌లో మాట్లాడాలి, అబద్ధమని తేలితే పార్కుల్లో శాశ్వతంగా అడుగు పెట్టనివ్వరు. మిగతావారికి వేరే ఏర్పాట్లు చూపించారు. పేగు జబ్బు ఉన్న మనిషి లైన్‌లోంచి టాయిలెట్‌కు వెళ్లొచ్చి మళ్లీ తనవాళ్లను కలుసుకోవచ్చు, ఉదాహరణకు. కాగితం మీద బాగానే ఉంది. ఆ మనిషి ఇద్దరు చిన్నపిల్లలతో ఒంటరిగా వచ్చిన తల్లి అయితే? పిల్లల్ని అపరిచితుల మధ్య వదిలి వెళ్లలేదు. వాళ్లను లాక్కుని, కిక్కిరిసిన సన్నటి దారిలో నలభై మందిని ‘తప్పుకోండి’ అంటూ వెనక్కి రావాలి. అంతసేపు ఆపుకోగలిగితే ఆమెకు ఈ వెసులుబాటుతోనే పని లేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ కోర్టులో తగిలింది. 2013 మార్పు తర్వాత ఆటిజం ఉన్నవారి కుటుంబాలు డిస్నీపై దావా వేశాయి. మావాళ్లకు రిటర్న్ టైమ్ దాకా ఆగడమన్నదే అర్థం కాదు, అనుకున్న వరుసలో అనుకున్న రైడ్ ఎక్కకపోతే తట్టుకోలేరు అన్నది వాదన. 2018లో అప్పీలు కోర్టు కేసును విచారణకు తిప్పి పంపింది. 2020 జూన్‌లో ఫ్లోరిడా ఫెడరల్ జడ్జి డిస్నీ వైపే తీర్పిచ్చారు. కోరిన సదుపాయం తప్పనిసరి కాదన్నది ఒక కారణం. అది ఇస్తే పాత కార్డ్ నాటి దుర్వినియోగం మళ్లీ తలెత్తి, పార్క్ నడిచే తీరే మారిపోతుందన్నది మరొకటి. తమకు ఏ సంబంధమూ లేని మనుషుల మోసం ఈ కుటుంబాల కేసులో ఎదురుసాక్ష్యమైంది. మామూలు లైన్‌లో 39 నిమిషాలు ఎక్కువ నిలబడ్డవారి నష్టం ఆ సాయంత్రానికి తీరిపోతుంది. ఈ నష్టం తీర్పుల్లోకీ నిబంధనల్లోకీ ఎక్కి కూర్చుంటుంది.

‘టికెట్‌కు అంత పోశాం, కంపెనీ మమ్మల్ని దోచుకుంటోంది, మేం దాన్ని మోసం చేస్తే తప్పేంటి’ అనే వాదన ఈ లెక్కలో నిలవదు. కంపెనీకి పెద్దగా నష్టం లేదు. రైడ్ అప్పుడూ నిండుగానే తిరిగింది, ఇప్పుడూ నిండుగానే తిరుగుతోంది. పైగా మామూలు లైన్ పెరిగేకొద్దీ లైట్నింగ్ లేన్ అమ్మకాలు పుంజుకుంటాయి. దోపిడీ మీద కసి తీర్చుకున్నామనుకునేవారు ఆ దోపిడీకే గిరాకీ తెచ్చిపెడుతున్నారు.

మరి డాక్టర్ చీటీ అడిగితే పోదా అంటారు. యూనివర్సల్, సిక్స్ ఫ్లాగ్స్ పార్కులు బయటి సంస్థ ద్వారా ముందే పత్రాలు అడుగుతున్నాయి, డిస్నీలాండ్ పారిస్ కూడా రుజువు చూస్తుంది. దీనివల్ల అప్పటికప్పుడు పుట్టే అబద్ధాలు కొన్ని ఆగుతాయి. అయితే చీటీలో ఉండేది జబ్బు పేరు. క్యూలో ఏమవుతుందో అందులో ఉండదు. ఒకే రోగ నిర్ధారణ ఉన్న ఇద్దరిలో ఒకరు గంట నిలబడగలరు, ఇంకొకరు పది నిమిషాలకే కూలబడతారు. పేరును బట్టి ఇస్తే మొదటివారికి అక్కర్లేనిది దొరుకుతుంది, జాబితాలో పేరు లేని మూడోవారికి కావాల్సింది దొరకదు. వీడియో కాల్‌కూ వేరే లోపం ఉంది. మోసగాడు ఏ మాట అంటే పాస్ వస్తుందో ముందే వల్లించుకుని వస్తాడు. నిజంగా ఇబ్బంది ఉన్నవాడు ‘ఒక్కోరోజు బాగానే ఉంటాను’ అని నిజం చెప్పి నష్టపోతాడు.

పచ్చి అబద్ధం కన్నా ఎక్కువగా ఉండేది కాస్త పెంచి చెప్పడం. ‘మా బాబు లైన్‌లో నిలబడలేడు.’ ఏ నాలుగేళ్ల పిల్లాడు నిలబడగలడు గనుక? ఇక్కడ ఎవరికి వారు వేసుకోదగ్గ ప్రశ్న ఒకటుంది. ఈ పాస్‌తో ఒక్క నిమిషం కూడా ఆదా కాకపోయినా, ఆ వ్యవధిలో ఇంకో రైడ్ ఎక్కే వీలు లేకపోయినా, దీన్ని అడుగుతామా? అవుననేవారికి నిరీక్షించే చోటు మారడమే కావాలి, వాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. కాదనేవారు కోరేది సమయం. దాన్ని పార్క్ పక్క కౌంటర్‌లోనే అమ్ముతోంది.

పార్కులు కూడా ఈ ప్రశ్న చుట్టూనే నిబంధనలు రాసుకోవచ్చు. పది నిమిషాల తగ్గింపు తీసేసి, రైడ్ దగ్గర అసలు నిరీక్షణ ఎంతో అంతే పెట్టాలి. బ్రిటన్‌లోని మెర్లిన్ సంస్థ పార్కుల్లో ఒక రైడ్ అయ్యాక, దాని క్యూ సమయం గడిచేదాకా తర్వాతి రైడ్‌కు పాస్ పనిచేయదు. ఆ పద్ధతీ చూడదగ్గదే. పాస్ మీద రిటర్న్ టైమ్ నడుస్తున్నంతసేపు ఆ బృందం లైట్నింగ్ లేన్ టికెట్లు వాడకుండా యాప్‌లోనే ఆపొచ్చు, మామూలు లైన్‌లో దూరేవారిని ఆపడం మాత్రం కష్టమే. పాస్ ఉన్న మనిషి ఎక్కని రైడ్‌కు మిగతావారిని పాస్ మీద పంపకూడదు. లాభం ఇలా తరిగిపోయాక జబ్బు పేర్ల జాబితాతో పనిలేదు. అప్పుడు వీడియో కాల్‌లో అడగాల్సినవి మూడే: ఎంతసేపు నిలబడగలరు, నిలబడితే ఏమవుతుంది, మధ్యలో బయటికి రావాల్సి వస్తే వెంట ఉన్న పిల్లల్ని ఎవరు చూసుకుంటారు.