పాలు పొంగాయి, టైల్సూ పొంగాయి

మా హాల్లో టైల్స్‌కి చట్టం తెలుసు. కోపంతో అనడం లేదు, గౌరవంతోనే అంటున్నాను. 2016 నాటి రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, సెక్షన్ 14(3) చూడండి: ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టుబడిలోనో పనితనంలోనో లోపం కనిపించి, కొన్నవాడు ఆ సంగతి చెబితే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. మా టైల్స్ ఆ ఐదేళ్లూ కిక్కురుమనలేదు. ఐదేళ్లు నిండిన పదకొండో రోజు, రాత్రి రెండింటికి ఢామ్మని పేలి, రెండు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారంలా లేచి నిలబడ్డాయి.

నిజం చెప్పాలంటే రెండో ఏడే అవి నసిగాయి. నడుస్తుంటే డబడబమని డొల్ల చప్పుడు. బిల్డర్‌కి ఫోన్ చేస్తే "అది సౌండే కదా సార్, టైల్ బానే ఉందిగా" అన్నాడు. ఎంత లోతైన మాట! ఆ లోతుకి మురిసిపోయి నేను ఈమెయిల్ పెట్టడం మర్చిపోయాను.

లేచిన టైల్‌ని మేస్త్రి తిరగేసి చూపించాడు. వెనక వీపు అద్దంలా ఉంది, సిమెంట్ మరకైనా లేదు. విట్రిఫైడ్ టైల్ అరశాతం నీళ్లు కూడా పీల్చదట. సిమెంట్ పాలు పోసి రబ్బరు సుత్తితో నాలుగు తట్లు తడితే అతుక్కోదట, గమ్ము పెట్టాలట. పైగా గోడల వారన స్కర్టింగ్ కింద సందు వదల్లేదు. టైల్‌కీ టైల్‌కీ మధ్య కూడా వెంట్రుక దూరదు. ఇల్లు అమ్మేటప్పుడు దాన్నే గొప్పగా చూపించారు. ఎండకి వ్యాకోచించిన టైల్ ఎటు పోతుంది? పైకి.

అంటే లోపం పుట్టింది మొదటిరోజే. వారెంటీ మాత్రం అది బయటికొచ్చిన రోజునే లెక్కపెడుతుంది. బిల్డర్ దగ్గర వేరే సిద్ధాంతం ఉంది. "మీరు రోజూ తడిగుడ్డ పెడతారా సార్?" పెడతాం. "అదీ సంగతి."

ఇంతకీ లేచింది ఈశాన్యం మూల. అక్కడ పల్లంగా ఉండాలనే కదా వాస్తు చూపించి మరీ కొన్నాం! మార్చుదామంటే ఆ డిజైన్ ఇప్పుడు గుజరాత్‌లో టైల్స్‌కి పుట్టిల్లయిన మోర్బీలోనే తయారు కావడం లేదట. మిగిలిన పెట్టె దాచుకోవాల్సిందని మేస్త్రి సలహా. ఐదేళ్లు ఆలస్యంగా.

కాబట్టి గృహప్రవేశం పద్ధతిలో ఒక చిన్న సవరణ కోరుతున్నాను. ముందు ఆవు, తర్వాత పురోహితుడు, మూడోది రూపాయి బిళ్ళ. పాలు పొంగేలోపు బంధువులందరూ తలో గది పంచుకుని ప్రతి టైల్‌నీ నాలుగు మూలలా తట్టాలి. డొల్ల మోగిన చోట బావమరిది సుద్దముక్కతో గుర్తు పెట్టాలి, పెద్దమ్మాయి ఫోటో తీసి బిల్డర్‌కి ఈమెయిల్ పంపాలి. ఆ తర్వాతే భోజనాలు.

నిన్న బిల్డరే ఫోన్ చేశాడు. కొత్త వెంచర్ మొదలుపెట్టాడట, పాత కస్టమర్‌నని నాకు డిస్కౌంట్ ఇస్తాడట. ఈసారి హాలంతా ఇటాలియన్ మార్బులేనట. "చూడ్డానికి వస్తాను, రూపాయి బిళ్ళ తెచ్చుకోవచ్చా?" అని అడిగాను.

ఆయనకు సిగ్నల్ పోయింది.