పెడల్ ట్యూనర్ గారికి, సెంటు లెక్కల గురించి

మహారాజశ్రీ పెడల్ ట్యూనర్ గారి సముఖమునకు, కావలి నుంచి బేస్ గిటారు వాయించేవాడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, నా కుడికాలి కింద మీరూ క్షేమమని తలుస్తాను. గిటారు శ్రుతి సరిచూసే డబ్బాని, రోజూ కాలితో తొక్కేదాన్ని పట్టుకుని మీరు, గారు అంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది, కాబట్టి ఇక్కణ్ణుంచి నువ్వు.

నిన్ను కొనడానికి పట్టినంత కాలం మా చెల్లెలి సంబంధానికి కూడా పట్టలేదు. అక్కడ అబ్బాయి ఉద్యోగం చూశారు, ఇల్లు చూశారు, తాంబూలాలు పుచ్చుకున్నారు. నీ దగ్గరేమో అది గిటారు సిగ్నల్ని ముట్టుకోకుండా తిన్నగా పంపే ట్రూ బైపాసా, మధ్యలో బలం పట్టి పంపే బఫరా, బాస్ కంపెనీ టీయూ-3 ట్యూనరు మేలా లేక ఆరు తీగలూ ఒక్కసారి మీటితే ఏది తప్పిందో చెప్పే పాలీట్యూన్ మేలా (నాకున్నవి నాలుగే తీగలు, అయినా కంగారు), ఇట్టా నాలుగు నెలలు గడిచాయి. అసలు నన్ను ముంచింది సెంటు. మా జిల్లాలో సెంటంటే ఎకరంలో నూరో వంతు, దానికోసం అన్నదమ్ములు ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతారు. మీ లోకంలోనూ సెంటు నూరో వంతేనట, పక్కపక్కనుండే రెండు స్వరాల మధ్య దూరంలో. టీయూ-3కి తప్పు ఒక సెంటు లోపల, స్ట్రోబోస్టాంప్ అనే ఇంకో ట్యూనరుకి సెంటులో పదో వంతు లోపల అని చదివాక నాకు నిద్ర పట్టలేదు. సెంటులో పదో వంతుకి మా సర్వేయరు గొలుసే బయటికి తియ్యడు, నా చెవికి అది తెలుస్తుందా అని ఒక్క పూటైనా ఆలోచించలేదు.

అంతకు ముందు నాకు గిటారు తలకి తగిలించే క్లిప్పు ట్యూనరు ఉండేది. ఇంట్లో బంగారం. స్టేజీ ఎక్కితే దానికి పిచ్చి లేచేది, ఎందుకంటే అది కొయ్య వణుకుని బట్టి స్వరం చెబుతుంది, పక్కన డ్రమ్సూ వెనక స్పీకరు డబ్బాలూ మోగుతుంటే కొయ్య నా తీగ కోసం మాత్రమే వణకదు కదా. పైగా నాది బేసు, లావు తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే ఊగుతుంది, దాన్ని పట్టుకోవడమే దానికి గండం. పన్నెండో ఫ్రెట్టు (గిటారు మెడ మీది మెట్టు) మీద వేలు ఆనీ ఆననట్టు పెట్టి మీటితే 82 వస్తుంది, అప్పుడు కాస్త తెలివొచ్చేది. మే నెలలో ఒంగోల్లో ఒక రిసెప్షను, ఏసీ గదిలో శ్రుతి చేసుకుని ఆరుబయట లైట్ల కిందికొచ్చేసరికి తీగలు వేడికి సాగి నాలుగూ దిగిపోయాయి. క్లిప్పు చూస్తే ఒకసారి ఇ, ఒకసారి జి, ఒకసారి ఏమీ లేదు. ఇంకేం చేస్తాను, చెవి పెట్టి, మైకు సెట్టు వాడి పెద్ద బాక్సుల్లోంచే, ఊరంతా వినేట్టు డుంయ్, డుంయ్, డూంయ్. ముందు వరసలో పెళ్లికూతురి తాతగారు చేతికర్ర మీద గడ్డం ఆనించి పది నిమిషాలు ఓపిగ్గా విని, "ఏమబ్బయా, రిపేరు ఇంకా కాలేదా?" అన్నాడు. ఆ రాత్రే నిన్ను ఆర్డరు పెట్టాను.

నీ గొప్ప సెంటు లెక్క కాదని నువ్వొచ్చిన మొదటి పూటే తెలిసింది. నిన్ను తొక్కితే శబ్దం ఆగిపోతుంది, అంతే. నా దగ్గరున్న పెడల్స్‌లో ఏ శబ్దమూ చెయ్యనిది నువ్వొక్కడివే, అయినా అందరికంటే ముందు నీకే పీట, గిటారు వైరు తిన్నగా నీలోకే రావాలి, శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ దాటి వచ్చిన స్వరం నీకు అర్థం కాదు. నేను మౌనంగా వంగి నీ లైట్లు చూసుకుంటుంటే ఇప్పుడు పెద్దవాళ్లు, "ఏం పోయిందబ్బయా, చెప్పా?" అంటున్నారు. రిపేరు కంటే అదే నయం.

నీ తిండి సంగతి వేరు. తొమ్మిది ఓల్టులు, అదీ పిన్నులో మధ్యది మైనస్ ఉండాలి. తెలియక వైఫై డబ్బా అడాప్టరు తగిలించబోయాను, అది పన్నెండు ఓల్టులు, మధ్యది ప్లస్సు. మా కీబోర్డు అన్న చెయ్యి పట్టుకోబట్టి బతికావు. బ్యాటరీ వేస్తే ఇంకో రోగం, వైరు పీకకపోతే నేను నిద్రపోయినా నువ్వు తింటూనే ఉంటావు.

ఇక అసలు ఫిర్యాదు. ఆదివారాలు నేను చర్చిలో వాయిస్తాను, అక్కడొక పాత హార్మోనియం ఉంది. నీ పచ్చ లైటు చూసి, వెంట్రుక వాసి తేడా లేకుండా శ్రుతి చేసుకుని మొదలుపెట్టాను. రెండో చరణానికల్లా మాస్టారు ఆపేసి నా వైపు చూశారు. శ్రుతికి కొలతగా పెట్టుకునే 'ఎ' అనే స్వరం నీ లెక్కలో సెకనుకు 440 ఊపులు, ఆయన రీడ్లలో 442. రెండూ కలిస్తే సెకనుకు రెండేసి అలలు, మైపాడు బీచిలో నిలబడ్డట్టుంది. సరిచూస్తే తేడా దాదాపు ఎనిమిది సెంట్లు! పదో వంతు సెంటు కోసం నాలుగు నెలలు నిద్ర మానుకున్నవాడు రెండు పోర్షన్లు కట్టుకునేంత జాగా అవతల నిలబడి వాయిస్తున్నాడన్నమాట. నీది ప్రపంచ ప్రమాణమని చెబుదామనుకున్నాను గానీ, "పాతికేళ్లుగా ఇదే శ్రుతి, నీ డబ్బానే కాస్త సర్దుకోమను" అన్నారాయన. నీకూ ఆ సర్దుకునే గుణం ఉందని, బటన్ నొక్కి 442కి జరపొచ్చని మాన్యువల్లో అప్పుడు చదివాను.

అందుకని ఇప్పుడు ఆదివారం 442, పెళ్లిళ్లకు 440. మొన్న నెల్లూరు రిసెప్షనుకి మార్చడం మర్చిపోయాను. పల్లవిలోనే కీబోర్డు అన్న తల తిప్పాడు. నేను ఆకాశం వైపు చూస్తూ నిన్ను తొక్కి, చరణం దాకా తియ్యలేదు.

ఇట్లు,
ఎనిమిది సెంట్ల ఆసామి