లప్పం కింద తుప్పు చావదు

టెంపో ట్రావెలర్‌ని కారవాన్‌గా మార్పించేటప్పుడు లోపల సోఫాలకీ టీవీకీ లక్షలు పోస్తారు. బండి కింద పడుకుని ఒక్కసారి చూడరు. తుప్పు బయటపడగానే ఆటోనగర్ తోలుకెళ్లి "అన్నా, సాయంత్రానికి ఇచ్చెయ్" అంటారు. సాయంత్రానికి అయ్యే పని ఒక్కటే: పైపైన ఎమరీ రుద్ది, లప్పం పెట్టి, రంగు కొట్టడం. లప్పం తేమ పీలుస్తుంది. ఒక వానాకాలం తిరిగేసరికి అక్కడే రంగు బుడగలెత్తుతుంది. ఇక మేస్త్రీకి తిట్లు! పని రాక కాదు, టైమ్ ఇవ్వక.

అసలు ముందు చూడాల్సింది నీళ్లు ఎటునుంచి దిగుతున్నాయో. కారవాన్‌లో తుప్పు కనపడేది ఒకచోట, నీళ్లు దిగేది ఇంకోచోట. టాప్ మీద ఏసీకో సోలార్ ప్యానెల్‌కో వేసిన స్క్రూ బెజ్జంలోంచి దిగి, గోడ రేకు వెనకగా జారి, ప్లైవుడ్ ఫ్లోర్‌ని నానబెట్టి, దాని కింద క్రాస్ మెంబర్‌ని (ఫ్లోర్‌ని మోసే అడ్డ ఇనుప దూలాన్ని) తింటాయి. పైపుతో కింది అతుకు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కోదాని మీద ఐదేసి నిమిషాలు నీళ్లు వదలండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని చూడాలి. సందు మూయడానికి వెనిగర్ వాసనొచ్చే మామూలు సిలికాన్ వద్దు. ఆరేటప్పుడు అది వదిలే యాసిడ్ రేకునే తినేస్తుంది. యాసిడ్ వదలని న్యూట్రల్ సిలికాన్ లేదా పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ అడగండి.

ఇప్పుడు తుప్పు సంగతి. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగిపోతే అక్కడ రంగుతో పనిలేదు, గట్టి రేకు వచ్చేదాకా కోసి ప్యాచ్ వెల్డింగ్ చేయించాలి. గట్టిగా ఉంటే పెచ్చులు సుత్తితో తట్టి రాల్చి, గ్రైండర్‌కి వైర్ కప్పు బ్రష్ బిగించి మెరుపొచ్చేదాకా కొట్టించండి. కళ్లద్దాలు తప్పనిసరి, తెగిన తీగలు సూదుల్లా ఎగురుతాయి. తుప్పు చుట్టూ బాగున్న రంగుని కూడా రెండంగుళాల మేర 80 నంబర్ ఎమరీతో దించాలి, రంగు కింద తుప్పు పాకి ఉంటుంది. గుంటల్లో మిగిలిన పల్చటి చిలుముకే రస్ట్ కన్వర్టర్, అంటే తుప్పుని నల్లటి గట్టి పొరగా మార్చే మందు. రాలే పెచ్చుల మీద పూస్తే పైపొర మాత్రమే నల్లబడుతుంది, అడుగున కథ మామూలే.

తర్వాత థిన్నర్ గుడ్డతో తుడిచి, అదే పూట రెండు డబ్బాలు కలిపి వాడే రకం ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు. రాత్రి వదిలేస్తే మన కృష్ణ ఒడ్డు తేమకి తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ఉత్త రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేయడం ఇంకో జబ్బు. పైన రంగు పడకపోతే దానిలోంచి తేమ దిగుతుంది. లప్పం కావాలంటే ఎపాక్సీ ఆరాక, దాని మీద. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు రంగు డబ్బా తెరవొద్దు. మే నెల మధ్యాహ్నం ఎండలో కాలిన రేకు మీదా వద్దు, థిన్నర్ చటుక్కున ఎగిరిపోయి రంగు పట్టదు.

కొన్ని బండ్లలో బాడీ అల్యూమినియం రేకు, ఫ్రేమ్ ఇనుప ట్యూబ్. రెండూ నేరుగా తగిలి మధ్యలో తడి చేరితే ఒకటి రెండోదాన్ని తింటుంది. రివెట్ కొట్టే ముందు ప్రైమర్, మధ్యలో సీలెంటో రబ్బరు పట్టీనో పడాలి. ట్యూబ్ లోపల ఎవరూ రంగు వేయరు కాబట్టి సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల పట్టే మైనం) కొట్టించండి. 2024 సెప్టెంబరు విజయవాడ బుడమేరు వరదలో మునిగిన బండి చవగ్గా వస్తోందంటే ముందు చూడాల్సింది ఈ ట్యూబులే, ఒండ్రు అక్కడే దాక్కుంటుంది. సూర్యలంక బీచ్‌కి వెళ్లొస్తే అదే రోజు కింద మంచినీళ్లతో కడిగించండి.

కాలిన ఇంజిన్ ఆయిల్ కింద పూయించే పద్ధతిని మాత్రం వదిలేయండి బాబూ. రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, బ్రేకుల మీద పడితే బండి ఆగదు. తుప్పు మీదే తారు లాంటి అండర్‌బాడీ కోటింగ్ వేయించడమూ అంతే. తడిని లోపల పెట్టి మూత బిగించినట్టు. డోర్ అడుగున నీళ్లు పోయే బెజ్జాలు కూడా దాంతోనే మూసుకుపోతాయి.

బ్రేకు పైపు మీద గుంటలు పడితే దానికి బ్రష్ తీయకండి, పైపే మార్పించండి.