ఫోన్‌కు చలానా, స్క్రీన్‌కు సలామా?

బండి నడుపుతూ చేతిలో ఫోన్ పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద అది ప్రమాదకరమైన డ్రైవింగ్. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినవాడికి వెయ్యి నుంచి 5 వేల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైల్లోనూ పెట్టొచ్చు. దీంతో మాకు పేచీ ఏమీ లేదు. మా పేచీ ఏమిటంటే, కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఆ ఫోన్‌కు రెండింతలు మూడింతలున్న తెరను కంపెనీవాడే డ్యాష్‌బోర్డుకు బిగించి, ఏసీ దాంట్లో, ఫ్యాను దాంట్లో, పాటలు, మ్యాపు, బ్రేకు ఎంత పట్టాలో చెప్పే సెట్టింగు కూడా దాంట్లోనే పెట్టి, వంద స్పీడులో వెళ్తూ వేలితో వెతుక్కోమంటే దాన్ని మాత్రం ప్రీమియం ఫీచర్ అంటున్నారు. ఫోన్ చూస్తే నేరగాడు, స్క్రీన్ చూస్తే టాప్ మోడల్ ఓనరు. కళ్లు రోడ్డు మీద లేకపోవడం రెండుచోట్లా ఒకటే కదా?

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 జనవరి నుంచి కొత్త లెక్క పెట్టింది. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర సాయానికి నొక్కే ఎస్‌ఓఎస్, ఈ అయిదింటికీ చేతికి తగిలే బటనో లివరో ఉండాలి, లేకపోతే ఐదు స్టార్లు కష్టం. అది చట్టం కాదు, నిజమే. కానీ స్టార్ తగ్గితే అక్కడ బండి అమ్ముడుపోదు కాబట్టి కంపెనీలు నోరు మూసుకుని బటన్లు పెడతాయి. మన దగ్గర? 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పెద్దవాళ్లకు రక్షణ ఎంత, పిల్లలకు ఎంత, బండి జారకుండా ఆపే ఏర్పాటు ఉందా, సీటు బెల్టు గుర్తుచేస్తుందా అని చూస్తుంది. మంచిదే. కానీ గుద్దుకున్నాక ఎంతమంది బతుకుతారన్న దానికి అన్ని మార్కులు వేసేవాళ్లు, డ్రైవరు చూపు రోడ్డు మీద నుంచి ఎంతసేపు పక్కకు పోతుందన్న దానికి ఒక్క మార్కు కూడా పెట్టలేదు.

పెట్రోలు బళ్లలోనూ తెరలు ఉన్నాయి కదా, ఎలక్ట్రిక్ కార్ల మీదే ఎందుకు పడ్డారు అని అడగొచ్చు. కారణం ఉంది. క్లచ్చు, గేరు ఉన్న బండిలో ఎడమ చేతికి, ఎడమ కాలికి ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. ఇంజను మోతను బట్టి చెవికే స్పీడు తెలిసిపోతుంది, ఘాట్ ఎక్కుతుంటే బండి మూలుగుతుంది, మనిషి మేల్కొని ఉంటాడు. ఎలక్ట్రిక్ కారులో ఇవేవీ లేవు. చప్పుడు లేదు, గేరు లేదు, చాలా బళ్లలో ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, మోటారే జనరేటరులా మారి కరెంటు తయారుచేస్తూ బండిని నెమ్మదింపజేస్తుంది. హాయిగా ఉంటుంది, కాదనం. 110లో వెళ్తున్నా 70లో ఉన్నట్టే అనిపిస్తుంది. అసలే పని తగ్గి మనసు చెదిరే చోట, ఖాళీగా ఉన్న చేతి పక్కనే ధగధగా మెరిసే పెద్ద తెర పెట్టారు. ఇక చూపు ఎటు పోతుందో చెప్పాలా?

పాత తిప్పుడు బటన్‌కు ఒక గుణం ఉంది. అది ఎక్కడుందో వేలికి తెలుసు, ఎంత తిప్పామో మణికట్టుకు తెలుసు, కన్నుతో పని లేదు. తెర నున్నగా ఉంటుంది, ఏసీ గుర్తు మీద వేలు పడిందా పాట గుర్తు మీద పడిందా అన్నది చూస్తేగానీ తెలియదు, గతుకులో బండి ఎగిరితే ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కుతాం, మళ్లీ వెనక్కి పోవాలి, మళ్లీ చూడాలి. అప్‌డేట్ వచ్చి మెనూ మారితే మొదటి నుంచి నేర్చుకోవాలి.

స్వీడన్‌లో వీ బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో దీన్ని కొలిచి చూపించింది. 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ కొన్ని మామూలు పనులు చెయ్యమన్నారు, సీటు వేడి పెంచడం, రేడియో మార్చడం లాంటివి. ముందుగా బండి అలవాటు చేసుకోవడానికి టైము కూడా ఇచ్చారు. నిండా బటన్లున్న 2005 నాటి వోల్వో వీ70లో ఆ పనులన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, ఆలోపు బండి 306 మీటర్లు పోయింది. ఎంజీ మార్వెల్ ఆర్ అనే కొత్త ఎలక్ట్రిక్ కారులో 44.9 సెకన్లు పట్టింది, అంటే 1,372 మీటర్లు. కిలోమీటరున్నర రోడ్డు దాదాపుగా తెరకే అంకితం. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లోనే ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక్క చూపు రెండు సెకన్లు దాటకూడదని, ఒక పనికి రోడ్డు మీద నుంచి చూపు తప్పే టైము మొత్తం కలిపి 12 సెకన్లు మించకూడదని చెప్పింది. వంద స్పీడులో ఆ రెండు సెకన్లకే బండి 55 మీటర్లు పోతుంది.

ఆ 55 మీటర్లలో స్వీడన్‌లో ఏమొస్తుందో మాకు తెలియదు గానీ, డోన్ నుంచి గుత్తి మీదుగా అనంతపురం దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద ఏమొస్తుందో ఇక్కడ పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. గొర్రెల మంద రావచ్చు. రాంగ్ రూటులో ట్రాక్టరు రావచ్చు, దానికి వెనక లైటు కూడా ఉండదు. పంక్చరైన లారీని రోడ్డు మీదే నిలిపి, చుట్టూ రాళ్లు పెట్టి, క్లీనరు దాని నీడలో నిద్రపోతుంటాడు. డివైడరు మధ్యలో ఎవరో తీసిన సందులోంచి బైకు మీద ముగ్గురు దూరి వస్తారు. ఊరి దగ్గర పేరూ బోర్డూ లేని స్పీడు బ్రేకరు. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు ఘాట్‌లో ఎదురుగా వచ్చే లోడు లారీకి బ్రేకులు పట్టాయో లేదో అని అలవాటున్న డ్రైవర్లకే టెన్షన్. ఇలాంటి రోడ్డు మీద తల దించి ఫ్యాను గుర్తు వెతుక్కోమంటున్నారు.

ఇంకో చిన్న సంగతి. ముందు టిప్పరు దుమ్ము లేపితే బయటి గాలి లోపలికి రాకుండా ఆపే బటన్ ఉంటుంది. మన సీమలో డ్రైవరుకు అది హారన్ తర్వాత అంత అవసరమైనది, నల్లరేగడి పొలాల పక్క మట్టి రోడ్ల మీద పోయేవాళ్లు దాన్ని రోజుకు ఎన్నిసార్లు నొక్కుతారో లెక్కుండదు. దాన్ని తీసుకెళ్లి ఏసీ మెనూలో రెండో పేజీలో పెట్టే డిజైనరు జన్మలో ఎప్పుడైనా ఆదోని రోడ్డు ఎక్కాడా? అద్దానికి మంచు పట్టినట్టు ఆవిరి కమ్మితే తుడిచే డిమిస్టర్ కూడా అంతే. వానలో అర క్షణం ఆలస్యమైతే ముందు ఏముందో కనపడదు, అప్పుడు పోయి తెరలో వెతుక్కోవాలి.

మన దగ్గర అమ్మే చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఇండికేటరు, వైపరు లివర్లు, డిప్పర్ ఇంకా స్టీరింగ్ పక్కనే ఉన్నాయి. సంతోషం. కానీ ఎన్నాళ్లుంటాయి? టెస్లా 2023లో కొత్త మోడల్ 3 నుంచి ఇండికేటర్ లివరే పీకేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది, జనం మొత్తుకుంటే తర్వాత మోడల్ వైలో లివరు ఉంచింది. అదే కంపెనీ 2025 జులైలో ముంబయిలో షోరూం తెరిచింది. మిగతావాళ్లు కూడా తెరల సైజులో పోటీ పడుతున్నారు. మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈలో ఈ చివర నుంచి ఆ చివర దాకా మూడు తెరలు, ఎంజీ విండ్సర్‌లో 15.6 అంగుళాలది ఒకటి. ఒకడు ఒక బటన్ తీసేసి ఏమీ కాకుండా బయటపడితే రెండోవాడు రెండు తీసేస్తాడు, పోటీ అంటే అలాగే ఉంటుంది. ఏ బటన్ దగ్గర ఆగాలో చెప్పాల్సిన ప్రభుత్వం చప్పుడు చెయ్యకపోతే అదే అనుమతి అనుకుంటారు.

కంపెనీల వాదన కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాం. తెర ఉంటే ఖర్చు తగ్గుతుంది, సాఫ్ట్‌వేర్‌తో కొత్త సౌకర్యాలు ఇవ్వొచ్చు, కుర్రకారు ఇదే కోరుతున్నారు, నోటితో చెబితే చాలు బండే వింటుంది. ఖర్చు ఎవరికి తగ్గిందో ఆన్‌రోడ్ ధర చూసినవాళ్లకు తెలుసు. ఇక నోటితో చెప్పడం గురించి, వెనక పిల్లలు అరుస్తూ, కిటికీ సగం దించి, పక్కన లారీ ఎయిర్ హారన్ కొడుతుంటే మన సీమ యాసలో ‘ఫ్యాను తగ్గించుబ్బా’ అన్నప్పుడు అది ఏ పాట పెడుతుందో చెప్పలేం.

తెర ఆగిపోతే ఏమిటన్న ప్రశ్న కూడా ఉంది. మెమరీ చిప్ అరిగి తెరలు నల్లబడుతున్నాయని టెస్లా 2021లో దాదాపు 1.35 లక్షల కార్లను వెనక్కి పిలిచింది, తెర పోతే వెనక కెమెరా పోతుంది, అద్దం ఆవిరి తుడిచే సెట్టింగూ పోతుంది. 2022లో మళ్లీ దాదాపు 1.3 లక్షల కార్లు. ఈసారి ఫాస్ట్ చార్జింగ్ పెట్టినప్పుడు ప్రాసెసర్ వేడెక్కి తెర మొరాయించడం. అమెరికాలో వేడెక్కింది, మరి మే నెలలో కర్నూలు సంగతి? 44 డిగ్రీల ఎండలో చార్జింగ్ పాయింటు దగ్గర, పైన రేకు కూడా లేని చోట?

ఈ తెర ఫోన్‌తో సమానమా కాదా అన్న ప్రశ్నకు జర్మనీలో ఒక కోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. 2019లో ఒక టెస్లా డ్రైవరు వానలో వైపర్ వేగం మార్చడానికి తెర నొక్కుతూ రోడ్డు దిగి చెట్లకు గుద్దాడు. కార్ల్స్‌రూహే హైకోర్టు 2020లో తేల్చిందేమిటంటే, బండికి బిగించి ఉన్నా అది ఎలక్ట్రానిక్ పరికరమే, ఫోన్‌కు వర్తించిన నియమం దానికీ వర్తిస్తుంది. 200 యూరోల జరిమానా, నెల రోజులు బండి నడపకుండా నిషేధం. మన సెక్షన్ 184 ‘చేతిలో పట్టుకున్న’ పరికరం దగ్గరే ఆగిపోయింది. చేతిలో ఉంటే తప్పు, మేకు కొట్టి ఉంటే ఒప్పు అన్నమాట. అయితే ఒకటి స్పష్టంగా చెప్పాలి, ఆ జర్మనీ తీర్పులోనూ దెబ్బ డ్రైవరుకే పడింది, వైపరును తెరలో దాచినవాడికి పడలేదు. ఇక్కడ పోలీసులు కార్లాపి స్క్రీన్ చూశావా అని చలానాలు రాయాలని మేము అడగడం లేదు, దేవుడా, ఆ పని మొదలైతే అదొక కొత్త వసూళ్ల దుకాణం. బండి తయారుచేసేవాణ్ణి అడగమంటున్నాం.

తయారుచేసేవాళ్లకు తెలియక కాదు. ఫోక్స్‌వ్యాగన్ తప్పు ఒప్పుకుని ముఖ్యమైన పనులకు బటన్లు మళ్లీ తెస్తామంది. హ్యుందాయ్ డిజైనర్లు అమెరికాలో కొనుగోలుదారులను కూర్చోబెట్టి చూస్తే, అర్జంటుగా ఏదైనా మార్చాల్సి వచ్చినప్పుడు తెరతో వాళ్లకు చిరాకు పుట్టిందని 2024లో చెప్పారు. అమెరికా వాళ్ల చిరాకుకు విలువుంది. మనది ఎవరైనా అడిగారా?

ఏటా జనవరిలో రహదారి భద్రతా మాసోత్సవాలు చేస్తారు. ఇంటర్ పిల్లలను ఎండలో నిలబెట్టి, ఫోన్ మాట్లాడుతూ వాహనం నడపరాదు అని ప్లకార్డులు పట్టించి, క్లాక్ టవర్ దాకా ర్యాలీ తీసి, ఫొటోలు దిగి, కార్లెక్కి పోతారు. ఆ కార్లలో ఎంత పెద్ద తెర ఉందో ఎవరూ అడగరు, అడిగితే గర్వంగా చూపిస్తారు కూడా. సినిమా టికెట్టంత ఆదాయం లేని ఆటోవాలాకు ఫోన్ పట్టుకున్నాడని జరిమానా, ఇరవై లక్షల బండిలో పదిహేను అంగుళాల తెర మీద పాట మార్చేవాడికి సెల్యూట్. ఈ రెండు నాల్కల ధోరణి మీద మాకున్న కోపం చిన్నది కాదు, ఎందుకంటే చట్టం అందరికీ ఒకటేనని ఆ పిల్లలకు చెప్పిందీ ఈ అధికారులే.

కేంద్ర రవాణా శాఖ చెయ్యాల్సింది పెద్ద కష్టమేం కాదు. ఇండికేటరు, హారన్, వైపరు, హజార్డ్, డిప్పర్, డిమిస్టర్, బయటి గాలి ఆపే బటన్, ఇవి చేతికి తగిలేలా ఉండాలని ప్రమాణాల్లో రాసి, భారత్ ఎన్‌క్యాప్‌లో వాటికి మార్కులు పెట్టాలి. బండి కదులుతుండగా తెరలో ఏయే పనులు తెరుచుకోకూడదో కూడా అందులోనే రాయాలి.

ఇక మన నాయకుల సంగతి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ ఉంది, ఇప్పుడది శ్రీసత్యసాయి జిల్లా అయినా కంపెనీ కాగితాల్లో ఇంకా అనంతపురం ప్లాంటే. 2017లో ఒప్పందం మాదన్నది ఒకరు, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం మాదన్నది ఇంకొకరు, ఈ గొడవ అసెంబ్లీలో, టీవీల్లో ఎన్ని గంటలు నడిచిందో జనం చూశారు. అక్కడి నుంచే 2025లో క్యారెన్స్ క్లావిస్ ఈవీ వచ్చింది, ముందు పరుచుకుని రెండు 12.3 అంగుళాల తెరలతో. మన ఊళ్లో మన పిల్లలు బిగించే కారది, పార్లమెంటులో అడిగే హక్కు మనకన్నా ఎవరికుంది? క్రెడిట్ కోసం గొంతు చించుకున్న రెండు పార్టీల ఎంపీల్లో ఒక్కరైనా లేచి, యూరప్ డ్రైవరుకు ఇచ్చే బటన్ అనంతపురం డ్రైవరుకు ఎందుకివ్వరు అని అడగండి చూద్దాం. రిబ్బను కత్తిరించడానికి దొరికిన టైము దీనికి దొరకదా?